మా గేటుకు కట్టిన లుంగీ పీలిక

"ఫేను ఆపవే, సలేస్తంది."

"కరెంటే లేదు కదయ్యా. ఫేనెక్కడ తిరుగుతంది?"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. తర్వాత ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురం ఫ్యాన్ దగ్గర ఆగిపోయింది. నేను తలెత్తి చూశాను. రెక్కలు కదలడం లేదు. కింద మంచం కోళ్ళు మాత్రం నేలకేసి టకటకా కొట్టుకుంటున్నాయి. భూమి ఊగినప్పుడు సామాన్లు అలా కొట్టుకోవడం ఈ దీవుల్లో అందరం చూసిందే. ఆ పొద్దున భూమి ఊగలేదు. ఊగుతున్నది ఆయనొక్కడే.

చెబుతున్నది నేను, రాస్తున్నది నా చెల్లెలి కూతురు. నాకు సంతకం, అంకెలు తప్ప ఇంకేమీ రావు. మాకు పిల్లలు పుట్టలేదు. ఈ పిల్ల ఆరో ఏటి నుంచి మా ఇంట్లోనే పెరిగింది. ఇక్కడే తెలుగు బడిలో చదివి, నర్సు ట్రైనింగ్ చేసి, మా బస్తీ సబ్‌సెంటర్‌లోనే ఉద్యోగంలో చేరింది. పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ ఈ పిల్లే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, దాచానని తర్వాత ఎవరూ అనకుండా. పేర్లు రాయొద్దన్నాను. మా బస్తీ పేరు కూడా వద్దు. బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ దిగి, బస్సెక్కి, ఆ తర్వాత గుట్ట ఎక్కితే వస్తుంది. అంతవరకు చాలు.

నేను ఆ బస్తీ అంగన్‌వాడీలో ఆయాని. వండి పెట్టడం, పిల్లల ముక్కులు తుడవడం, బుధవారం టీకాలకు తల్లులను పోగుచేయడం నా పని. రిజిస్టరు చదవలేను కనుక నాకో పద్ధతి ఉంది. మంగళవారం సాయంత్రం నర్సమ్మ ఇళ్ళు చెబుతుంది. నేను పోయి ఆ ఇళ్ళ గేట్లకు గుడ్డ పీలికలు కడతాను. ఒకటిన్నర నెల బిడ్డకు పచ్చది, మూడున్నర నెలలకు పసుపుది, తొమ్మిది నెలలకు ఎర్రది. సూది పడ్డాక నేనే పోయి విప్పుతాను. పీలిక ఉంటే సూది పడాలి, లేకపోతే పడిపోయింది. పాత నర్సమ్మలు మొదట్లో నవ్వారు. తర్వాత వాళ్ళూ రిజిస్టరు వదిలేసి గేట్లు చూడడం అలవాటు చేసుకున్నారు. వానకు కాగితాలు తడిసి ముద్దయిన రోజుల్లో కూడా పీలిక మాట తప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా గుట్ట మీద అందరి గేట్లకూ కట్టాను. మా గేటుకు కట్టే పని ఎప్పుడూ పడలేదు.

ఆ ఏళ్ళలోనే నిమోనియా టీకా కొత్తగా వచ్చింది. ఈ పిల్లే నాకు వేలి కణుపుల మీద నేర్పింది. ఒకటిన్నర నెలకు ఒకటి, మూడున్నర నెలలకు ఒకటి, తొమ్మిది నెలలకు ఒకటి. కుడి తొడకు. వేలికి మూడు కణుపులు, టీకాకు మూడు సూదులు. లెక్క సరిపోయింది. నాలుగో కణుపు ఏ వేలికీ ఉండదు కదా, ఇంకెవరికైనా వేస్తారా అన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

మా ఆయన ఫెర్రీలో లస్కరు. బోటు ఒడ్డుకు వచ్చేటప్పుడు తాడు విసిరి, జెట్టీ గుంజకు కట్టేవాడు. ఆయన వేసిన ముడి ఇంకొకరు విప్పలేరని తోటివాళ్ళు తిట్టుకునేవారు. వానలు మొదలైన నెలలో ఒక పొద్దున తడి చెక్క మీద కాలు జారి బోటుకూ జెట్టీకీ మధ్య పడ్డాడు. జెట్టీకి టైర్లు వేలాడదీసి ఉండబట్టి ఎముకలు మిగిలాయి. బోటు ఒక్కసారి నొక్కి వదిలింది, అంతే. పైకి లాగితే ఒంటి మీద గీత కూడా లేదు. "నాకేటీ అవలేదు, టీ తెండ్రా" అన్నాడట. ఆ టీ సగం తాగకుండానే సున్నంలా తెల్లబడిపోయాడట.

పోర్ట్‌బ్లెయిర్‌లో కడుపు కోశారు. డాక్టరు బయటికి వచ్చి, "తిల్లీ ఫట్ గయీ థీ, నికాల్ దియా" అన్నాడు. ఎడమ పక్కటెముకల కింద ఉండే తిల్లీ, ప్లీహమంటుంది ఈ పిల్ల, పగిలిపోయిందట, తీసేశారట. మేక తిల్లీ నాకు తెలుసు, కూరలో వేస్తాం. మనిషికి అదెందుకో తెలియదు. "అది లేకుండా బతుకుతాడా బాబూ?" అని అడిగాను. బతుకుతాడు గానీ జాగ్రత్తగా ఉండాలన్నాడు. ఇంటికి పంపేరోజు ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చి, ఒక వరుస కింద పెన్నుతో గీత గీశాడు. "అమ్మా, యే టీకా జరూర్ లగ్‌వానా." ఈ టీకా తప్పకుండా వేయించండి అని. టీకా అన్న మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. ఆసుపత్రి మందులంటే నాకు భయం. టీకా అంటే నా ఇంటి పని.

ఇంటికి వచ్చిన మర్నాడు సాయంత్రం ఈ పిల్ల వచ్చింది. అప్పటికి పెళ్ళయి గుట్ట కింద కాపురం, పనికి రోజూ మా గేటు ముందు నుంచే పోతుంది. స్టవ్ దగ్గర నిలబడే కాగితం తీసుకుంది. గీత గీసిన వరుస చదివి మొహం చిట్లించింది.

"అరే, ఇది బచ్చోంది పెద్దమ్మా, పిల్లలది! మన బుధవారం నిమోనియా టీకాయే. పెద్నాన్నకి ఎందుకు రాశారో."

నేను పకపకా నవ్వాను. "ఏటయ్యా, కుడి తొడ సూపించు. నా ఒళ్ళో కూకో. ఏడిస్తే బిస్కట్టివ్వను మరి."

ఆయన కుట్లు పట్టుకుని నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పికి మళ్ళీ నవ్వు. "పెద్దోళ్ళకేటీ లేదేటమ్మా?" అని ఈ పిల్లను అడిగాడు.

"ఉంటే మాకు ట్రైనింగ్‌లో చెప్పరా పెద్నాన్నా? రిజిస్టర్‌లో పెద్దోళ్ళ పేజీయే లేదు." అలా అని, కాగితం మడిచి కాసేపు చేతిలోనే పట్టుకుంది. అది నాకు బాగా గుర్తు. "ఏమో. నెలాఖరు మీటింగ్‌లో డాక్టర్ సాబ్‌ని పూఛ్ లేతీ హూఁ. అడుగుతాను. పెద్దమ్మా, గేటుకి పీలిక కట్టి ఉంచు. రోజూ అటే పోతాను కదా, యాద్ ఉంటుంది."

"ఏ రంగు కట్టాలే?" అన్నాడాయన.

"ముసిలోళ్ళకి రంగు లేదు" అన్నాను.

ఆయన లేచి, తన పాత లుంగీ అంచు చించాడు. నీలం గళ్ళది. తనే నడుచుకుంటూ పోయి గేటుకు కట్టాడు, లస్కరు ముడి. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఇందాకటి నవ్వు లేదు. "ఇన్నాళ్ళకి మనింటికీ కట్టేమే" అన్నాడు. నేను విననట్టు లోపలికి పోయాను.

వారం దాటలేదు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెలతో వరుసలో నిలబడ్డాం. వెనక నుంచి ఒకావిడ, "క్యా దీదీ, బుఢాపే మే బచ్చా?" అంది. ముసలితనంలో బిడ్డా అని. ఇంకొకామె, మన తెలుగావిడే, అందుకుంది. "మీ గేటుకీ పీలికేటి వదినా? ఎన్నో నెలేటి?" వరుసంతా నవ్వింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ పిల్లలందరికీ నేను కట్టినదాన్నే. నేనూ నవ్వాను. బిందె ఎత్తుకుని దారంతా నవ్వుమొహం పెట్టుకునే వచ్చాను. గేటు దగ్గర బిందె దించాను. ముడి విప్పబోతే రాలేదు. ఇంట్లోకి పోయి కత్తి తెచ్చి కోసేశాను.

రాయమ్మా, ఆగకు. కోసేశాను.

సాయంత్రం ఆయన గేటు దగ్గర నిలబడి, "పీలికేదే?" అన్నాడు. "గాలికి పోయుంటది" అన్నాను. తన ముడి గాలికి ఊడదని ఆయనకు తెలుసు. నా మొహం చూసి లోపలికి పోయాడు. మళ్ళీ కట్టలేదు.

అదే వారంలో కుట్లు చూపించుకోవడానికి ఆయన పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళొచ్చాడు. ఈ పిల్ల పనికి పోతూ మా గేటు చూసింది. పీలిక లేదు. నా పద్ధతి ప్రకారం పీలిక లేకపోతే సూది పడిపోయినట్టే. పెద్దాసుపత్రిలో వేసి ఉంటారు, పెద్దమ్మ విప్పేసింది అనుకుంది. నన్ను అడగలేదు. ఎందుకు అడుగుతుంది? ఇరవై ఏళ్ళలో ఆ పీలిక ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు. నెలాఖరు మీటింగ్‌లో డాక్టరునూ అడగలేదు.

ఐదు నెలలు ఆయన బాగానే ఉన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను వణికించేది అదే, ఎంత బాగున్నాడో. ఒళ్ళు చేసింది. టికెట్లు చూసే తేలిక డ్యూటీ ఇచ్చారు. మధ్యాహ్నాలు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల మధ్య కూర్చుని చిన్న తాడుతో ముడులు వేసి చూపించేవాడు. ఆ వానల్లో పిల్లలందరికీ దగ్గు, చీమిడి. టీకాలు పడిన ఒళ్ళు, రెండు రోజులు దగ్గి మళ్ళీ ఆటలో పడేవాళ్ళు. వాళ్ళలో ఒక చంటిది ఆయన ఒళ్ళో కూర్చుని ఆయన మొహంలోకే తుమ్మింది. ఆయన మొహం తుడుచుకుని దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. నేను గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆ గదిలో నిమోనియా టీకా పడాల్సి ఉండీ పడనిది ఆయనొక్కడికే.

ఆ రోజు తెల్లవారకముందే కరెంటు పోయింది. సముద్రంలో తుపాను ఉందన్నారు. గుట్ట మీద నుంచి చూస్తే హార్బరు నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి, ఒక్క డింగీ పడవ కూడా తిరగడం లేదు. ఆరింటికి ఆయన టీ తాగాడు. ఏడింటికి ఒళ్ళు కాలుతోందన్నాడు. నేను చెయ్యి పెట్టి చూసి, ప్రతి బుధవారం తల్లులకు చెప్పే మాటే చెప్పాను. "జొరం మామూలే. మాత్తరేసుకుని పడుకో." సూది పడిన పిల్లలకు చెప్పే మాట అది. సూది పడని మనిషికి చెప్పాను. పారాసెటమాల్ వేశాను, మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఎనిమిదింటికి కషాయం కక్కేశాడు. మళ్ళీ కాచాను. పదింటికి వణుకు పట్టుకుంది. ఫ్యాన్ ఆపమన్నది అప్పుడే.

దుప్పటి సర్దుతుంటే కాళ్ళు కనబడ్డాయి. పిక్కల మీద నేరేడు పళ్ళు చిదిమినట్టు మచ్చలు. పొద్దున లేవు. నేను తుడిచాను. పోలేదు. తుడుస్తున్నంతసేపట్లోనే మోకాలి మీద ఇంకొకటి లేచింది.

కరెంటు లేక ఫోను టవర్ పనిచేయడం లేదు. పక్కింటివాళ్ళు స్కూటీ మీద పోయి ఈ పిల్లను వెతికి తెచ్చేసరికి పదకొండు దాటింది. వచ్చీ రావడంతో నాడి పట్టుకుంది, కాళ్ళ మీద దుప్పటి ఎత్తి చూసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, ఆ టీకా ఎక్కడ వేయించారు? కాగితం ఉందా?"

"ఏ టీకా?" అన్నాను.

ఆ పిల్ల మొహం అప్పుడు ఎలా అయిందో నేను చెప్పను, తన చేత రాయించను.

బాంబూఫ్లాట్ జెట్టీలో అంబులెన్సు నిలబడిపోయింది. గాలికి ఫెర్రీ ఆపేశారు. గంటకు పైగా ఆ బండిలో కూర్చున్నాం. అవతలి ఒడ్డు కళ్ళ ముందే ఉంది, ఇళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. చివరికి ఆయన తోటివాళ్ళే బోటు నడిపే సారంగును బతిమాలి బోటు తీయించారు. అవతల జెట్టీలో తాడు విసిరిన చప్పుడుకు ఆయన ఒక్కసారి కళ్ళు తెరిచాడు. అది మాట కాదు కనుక ఆఖరి మాటల్లో కలపలేదు. దీపాలు పెట్టే వేళకు అయిపోయింది. పొద్దున టీ తాగిన మనిషి.

డాక్టరమ్మ చిన్నది, ఈ పిల్ల వయసే ఉంటుంది. తిల్లీ తీసినవాళ్ళకు వేసే నిమోనియా టీకా పడిందా అని అడిగింది. ఈ పిల్ల యూనిఫారంలోనే ఉంది. "నహీఁ మేడమ్. వో తో బచ్చోంకా..." అని ఆగిపోయింది. డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పింది. నిమోనియా తెచ్చే పురుగును రక్తంలో నుంచి పట్టి తీసేసేది తిల్లీయేనట. అది లేని మనిషి, ఎంత పెద్దవాడైనా, ఆ జబ్బు ముందు పసిబిడ్డ కన్నా అన్యాయమట. పెద్దవాళ్ళకు వేయాల్సినవి సబ్‌సెంటర్‌లో ఉండవట. కాగితం పెద్ద డాక్టరుకు పంపి ఉంటే, ఒక్క ఫోను చేసి ఉంటే, తెప్పించేవాళ్ళట. వేసినా తప్పకుండా బతికేవాడని చెప్పలేమని కూడా అంది. నిజమే చెప్పిందో, నా మీద జాలితో అందో తెలియదు.

గీత గీసిన వరుస కింద ఇంకో వరుస ఉందని కూడా అప్పుడే తెలిసింది. జ్వరం వస్తే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని. అది మేమెవరం చదవలేదు. పై వరుస దగ్గరే నవ్వు మొదలైపోయింది.

కర్మకాండలు అయ్యాక ఈ పిల్ల ఉద్యోగంలో ఉన్న నర్సమ్మలకు పెట్టే ట్రైనింగ్‌కు పోయింది. అక్కడ పక్కన కూర్చున్న నర్సమ్మలను అడిగిందట, నిమోనియా టీకా పెద్దవాళ్ళలో ఎవరికి వేయాలి అని. ఒకామె హజ్‌కు పోయేవాళ్ళకు అందట. ఒకామె అది కరోనా సూదిలోనే కలిసి ఉంటుంది కదా అందట. ఇంకొకామె, "మన రిజిస్టర్‌లో లేనిది మనకెందుకు బహన్?" అందట. అందరూ మంచి పనివాళ్ళే. ఏ బిడ్డకు ఏ తొడకు ఏ సూదో నిద్రలో అడిగినా చెబుతారు. నేనూ చెబుతాను.

ఇప్పుడు మా గుట్ట మీద ఒక గేటుకు నీలం గళ్ళ పీలిక ఉంది. ఆయన లుంగీలోదే. రంపపు మిల్లులో పొట్టు పీల్చి పీల్చి ఊపిరి చాలని ముసలాయన ఇల్లది. ఈ పిల్ల కాగితం పైకి పంపింది, ఫోను చేసింది, మళ్ళీ చేసింది. టీకా చెన్నై నుంచి రావాలట. ఇంకా రాలేదు. వానలు దగ్గరపడ్డాయి, ముసలాయన దగ్గు రోడ్డు మీదకు వినిపిస్తోంది. నేను రోజూ పొద్దున పోయి పీలిక పట్టుకుని లాగి చూస్తున్నాను. మా ఆయన వేసే ముడి నాకు రాదు. నా ముడి ఎవరైనా విప్పగలరు.

ఇంతే. నువ్వు రెండుసార్లు తప్పు నాదే పెద్దమ్మా అన్నావు, రాయొద్దన్నాను. కాగితం మడిచింది నువ్వు, పీలిక కోసింది నేను. రెండూ ఉండాలి. కానీ ఇందాక కత్తి మాట చెప్పినప్పుడు నీ పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. ఆ తర్వాత ఏం రాశావో నాకు తెలియదు, చూసినా తెలియదు. నన్ను కాపాడాలని గాలికి ఊడిపోయిందని రాసి ఉంటావేమోనని నా భయం. ఒకసారి ఆ మాట ఆయనకు నేనే చెప్పాను. రెండోసారి వద్దు. కళ్ళు తుడుచుకో. చదువమ్మా, ఫ్యాన్ దగ్గర నుంచి మొదలుపెట్టు. గట్టిగా చదువు, నేను వింటాను.